అణుకేంద్రాల జాబితా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ భారత్–పాకిస్తాన్ అణుకేంద్రాల జాబితా గారికి, హైదరాబాదు నివాసి ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఏటా జనవరి 1న, ఊరంతా రాత్రి తిన్న కేకు అరగక మంచం దిగని వేళకే, తమరు ఢిల్లీలోనూ ఇస్లామాబాదులోనూ ఏకకాలంలో చేతులు మారుతుంటారు. ఆ రోజు మన విదేశాంగ శాఖ ఒక చిన్న ప్రకటన విడుదల చేస్తుంది. దౌత్యమార్గాల ద్వారా, ఏకకాలంలో, ఫలానా ఒప్పందం ప్రకారం అనే మాటలు ఏ ఏడు చూసినా దాదాపు అదే వరుసలో ఉంటాయి. మారేదల్లా ఎన్నోసారి అనే అంకె ఒక్కటే. 2024లో అది 33, 2025లో 34. కార్గిల్ జరిగింది, పార్లమెంటు మీద దాడి జరిగింది, ముంబై జరిగింది, పుల్వామా, బాలాకోట్ జరిగాయి. అయినా ఆ అంకె ఏటా ఒకటి చొప్పున పెరుగుతూనే వచ్చింది. రెండు దేశాల మధ్య ఇంత క్రమశిక్షణతో సాగే పని మరొకటి కనబడదు కనుక, తమరిని అభినందించకుండా ఉండలేకపోతున్నాను.

తమరి పుట్టుక భయంలో జరిగింది. 1981 జూన్‌లో ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టరును నేలమట్టం చేసిన నాటి నుంచి, ఆ ముచ్చట మన పొరుగువారి యురేనియం శుద్ధి కేంద్రమైన కహూటాకు ఎప్పుడు పడుతుందోనని ఇస్లామాబాదుకు కునుకు లేదు. 1985 డిసెంబరులో జియా ఉల్ హక్ ఢిల్లీ వచ్చి రాజీవ్ గాంధీతో మాట్లాడిన తరువాత, ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడి చేయరాదని నోటిమాటగా అనుకున్నారు. ఆ నోటిమాట కాగితం మీదికి రావడానికి మూడేళ్లు పట్టింది. నడుమ సరిహద్దు దగ్గర మన సైన్యం జరిపిన బ్రాస్‌టాక్స్ విన్యాసాల పుణ్యమా అని యుద్ధం గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లింది కూడా. చివరికి 1988 డిసెంబరు 31న ఇస్లామాబాదులో, రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో చూస్తుండగా, కేంద్రాల జాబితాను ఏటా ఇచ్చిపుచ్చుకోవాలన్న షరతుతో విదేశాంగ కార్యదర్శులు సంతకాలు చేశారు; ఒప్పందం అమలులోకి వచ్చేసరికి 1991 జనవరి 27 అయింది; తమరు తొలిసారి గడప దాటింది 1992 జనవరి 1న. సంతకాల నాడు విదేశాంగ మంత్రిగా, తొలి జాబితా నాడు ప్రధానమంత్రిగా ఉన్నది మన పి.వి. నరసింహారావు గారే. మౌనానికి పేరుపడిన ఆ మహానుభావుడి హయాంలో, చెప్పీ చెప్పకుండా చెప్పే తమరు బోణీ కావడం కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంది.

తమరిలో ఉండేది బహు స్వల్పం. కేంద్రం ఏది, దాని అక్షాంశ రేఖాంశాలు ఎంత అన్నంత వరకే. లోపల ఏమి తయారవుతున్నదో, ఎంత నిల్వ ఉన్నదో తమరు పలకరు. రాసినది నిజమో కాదో వచ్చి చూసుకునే హక్కు అవతలివారికి లేదు. తొలి ఏడాదే ఎదుటివారు ఒక యురేనియం శుద్ధి కేంద్రాన్ని దాచిపెట్టారని ఇరువైపులా అనుమానాలు వినబడ్డాయి. ఆ అనుమానం తీరిందో లేదో గాని, మరుసటి జనవరి 1న మళ్లీ కాగితాలు మారాయి. పారదర్శకత వల్ల దేశాల మధ్య నమ్మకం పెరుగుతుందని పండితులు రాస్తుంటారు. తమరు మాత్రం రవ్వంత నమ్మకం కూడా పెరగనవసరం లేకుండానే పారదర్శకతను మూడు దశాబ్దాలకు పైగా నెట్టుకొచ్చారు. బహుశా తమరి దీర్ఘాయుష్షుకు మూలం ఇదేనేమో. ఎవరినీ ఏమీ వదులుకోమనని కాగితాన్ని ఎవరు మాత్రం చింపుతారు?

అయినా తమరిని తీసిపారేయడానికి మనసొప్పదు. మూడు తరాలుగా మాటల్లేని దాయాదులు సైతం, ఒక ఇంట చావు జరిగితే మైల కబురు మాత్రం రెండో ఇంటికి పంపుతారు. ప్రేమ ఉండి కాదు, మైల ఇద్దరికీ అంటుతుంది గనుక. అణుకేంద్రం మీద బాంబు పడితే లేచే ధూళికి వాఘా దగ్గర పాస్‌పోర్టు అడిగే అధికారి లేడన్న ఇంగితం ఉభయ ప్రభుత్వాలకూ ఉన్నందుకు సంతోషిద్దాం.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. తమరు శత్రువుకు చెప్పే సంగతిని సొంత పౌరుడికి చెప్పరు. ఒప్పందంలోని నిర్వచనం ప్రకారం విద్యుత్ రియాక్టర్లు, పరిశోధన రియాక్టర్లు, ఇంధన తయారీ కేంద్రాలు, యురేనియం శుద్ధి, పునఃశుద్ధి కేంద్రాలు అన్నీ తమరిలో చేరాలి. మా నగరంలోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అర్ధశతాబ్దం పైబడి రియాక్టర్లకు ఇంధనం తయారుచేస్తున్నది. దాని బోర్డు రోడ్డు మీదనే కనబడుతుంది, బస్సు ఎక్కితే కండక్టరు ఆ స్టాపులో దించుతాడు. నిర్వచనం చదివితే అది తమరిలో ఉండి తీరాలని అనిపిస్తుంది. ఉన్నదో లేదో రూఢిగా తెలిసినవారు మాత్రం ఇస్లామాబాదులో ఉన్నారు. పక్క కాలనీలో కాపురముంటున్న నేను వారిని అడిగి తెలుసుకోవాలి కాబోలు.

ఈ గోప్యత ఎంత దూరం పోయిందో 2025 మే 12న దేశమంతా టీవీల్లో చూసింది. ఆపరేషన్ సిందూర్‌లో, అణుకేంద్రం ఉందని ప్రచారంలో ఉన్న పాకిస్తాన్‌లోని కిరానా కొండలను కొట్టారా అని విలేకరులు అడిగితే, ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి, అక్కడ అణుకేంద్రం ఏదో ఉందని చెప్పినందుకు ధన్యవాదాలు, మాకు ఆ సంగతి తెలియదు, మేము అక్కడ కొట్టలేదు అనే అర్థం వచ్చేలా బదులిచ్చి, పెదవుల మీద చిరునవ్వు నిలుపుకున్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వులో తమరి వంతు ఎంతో నాకు తెలియదు. కొండలు తమరిలో ఉంటే ఆ జవాబు సరసం, లేకపోతే అక్షరసత్యం; ఏది నిజమైనా సామాన్యుడికి తేల్చుకునే దారి లేదు. పాకిస్తాన్‌లో ఏ అణుకేంద్రం నుంచీ రేడియేషన్ వెలువడలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రకటించాకే వదంతులు కాస్త సద్దుమణిగాయి.

తమరి తోబుట్టువుల సంగతీ చూశాను. 2005 నాటి ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణిని పరీక్షించే ముందు కనీసం మూడు రోజుల నోటీసు ఇవ్వాలి. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ ఒకటి, నిర్వహణ పనుల నడుమ పొరపాటున ఎగిరి, పాకిస్తాన్‌లోని మియా చన్ను దగ్గర వాలింది. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం లేదు. మన ప్రభుత్వం రెండు రోజుల తరువాత విచారం వ్యక్తం చేసింది, ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను తొలగించారు. అయితే బ్రహ్మోస్ క్రూయిజ్ జాతికి చెందినది, ఒప్పందం బాలిస్టిక్ జాతి ఊసు మాత్రమే ఎత్తుతుంది, పైగా అది పరీక్ష కానే కాదు. కనుక చెప్పకుండా పక్క దేశంలో దిగిన ఆ క్షిపణి ఆ ఒప్పందంలోని ఏ నిబంధననూ ఉల్లంఘించలేదు. ఇంత చక్కని కాగితాలు రాయించుకున్నవారి తెలివికి జోహారు. ఉభయ సేనల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్‌ల మధ్య ఉన్న ఫోను నయం. 2025 మే 10 మధ్యాహ్నం 3.35కు అది మోగింది, సాయంత్రం 5 గంటలకల్లా కాల్పులు ఆపాలని మాట కుదిరింది.

ఇక మనవి. తమరు బయలుదేరే రోజునే మరో జాబితా కూడా చేతులు మారుతుంది. 2008 ఒప్పందం కింద జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకునే ఖైదీల, మత్స్యకారుల జాబితా అది. తమరి వలె దానికి గోప్యత లేదు. 2025 జనవరి 1న పాకిస్తాన్ తన చెరలో 217 మంది భారత మత్స్యకారులు ఉన్నారని, మనం మన చెరలో వారివారు 81 మంది ఉన్నారని చెప్పుకున్నాం. శిక్షాకాలం ముగిసినా ఇంకా అక్కడే ఉన్న మనవారు, మత్స్యకారులూ ఇతర ఖైదీలూ కలిపి, 183 మంది అని మన ప్రభుత్వమే తెలిపింది. ఆ బాధ మావారికీ తెలుసు. గుజరాత్‌లోని వెరావల్‌కు కూలికి పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ నౌకలకు చిక్కి, ఏడాది పైబడి కరాచీ జైలులో గడిపారు. 2020 జనవరిలో వారిలో 20 మంది వాఘా దాటి వచ్చారు. వారు చేసిన నేరం, గుజరాత్, సింధ్‌ల నడుమ ఉన్న సర్ క్రీక్ అనే పాయ నుంచి సముద్రంలోకి ఇంతవరకూ ఎవరూ గీయని గీతను దాటడం.

అణుకేంద్రాల అక్షాంశ రేఖాంశాలను ఏటేటా ఇచ్చిపుచ్చుకోగలిగిన రెండు ప్రభుత్వాలు, ఉప్పునీటి మీద ఒక గీతకు అక్షాంశ రేఖాంశాలు రాసుకోలేకపోవడం వింతగానే ఉంది. కనుక రానున్న జనవరి 1న తమరు దయచేసి ఆ రెండు నిలువు గళ్లనూ పక్కనున్న జాబితాకు కాసేపు అరువిచ్చి, సంతకం పెట్టే అధికారులు కలం మూయకముందే ఆ సంగతి వారికి గుర్తు చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
హైదరాబాదు నివాసి