నీలిమందు తీర్థం

(విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్నివాళ్ళిల్లు. మే నెల మిట్టమధ్యాహ్నం. నేను హాల్లో మజ్జిగ తాగుతుంటే మేడ మెట్ల మీంచి పిన్ని కేక.)

పిన్ని: ఏమండీ! మేడ మీద నా నీళ్ళ సీసాలు ఎవరు ముట్టుకున్నారు?

బాబాయి: నేనే. థాంక్స్ అక్కర్లేదులే.

పిన్ని: థాంక్సా! పొద్దున తేటగా ఉన్న నీళ్ళు ఇప్పుడు నీలంగా ఎందుకున్నాయి?

బాబాయి: నీలిమందు కలిపాను. నువ్వు ఉత్త నీళ్ళు పెట్టేసి దిగిపోయావు. రంగు లేకపోతే కుక్కలు భయపడతాయా?

పిన్ని: కుక్కలా?

బాబాయి: మన వీధిలో ప్రతి గేటు ముందూ ఉన్నాయిగా, రంగునీళ్ళ సీసాలు. నీలం చూస్తే కుక్క దగ్గరికి రాదు.

పిన్ని: గేటు ముందు నిలబెడతారండీ. నేను రేకు మీద పడుకోబెట్టాను.

బాబాయి: పడుకున్న కుక్కకి కూడా కనబడాలని పెట్టావనుకున్నా.

పిన్ని: మూడంతస్తులెక్కి కుక్కొస్తుందా? మీరే మెట్టుమెట్టుకీ ఆగి దేవుణ్ణి తలుచుకుంటారు.

బాబాయి: కింద వాటా వాళ్ళ టామీ రోజూ ఎక్కుతోంది.

పిన్ని: టామీకి రెండు కళ్ళూ కనబడవు! నీలమో ఎరుపో దానికేం తెలుసు?

బాబాయి: (కాసేపు ఆలోచించి) వాసన పడుతుందిగా.

పిన్ని: అవి తాగే నీళ్ళండీ బాబూ!

బాబాయి: ఎవరు, టామీయా?

పిన్ని: మనం! ఆర్వో మిషను చెడిపోయింది, అందుకే క్రిములు చావాలని ఎండలో పెట్టాను. మెకానిక్కు సాయంత్రం వస్తానంటాడు గానీ ఏ సాయంత్రమో చెప్పడు. పోయిన వారం మీకు విరేచనాలైతే రాత్రంతా ఓఆర్ఎస్ పట్టుకుని కూర్చుంది ఎవరు?

బాబాయి: అది నీళ్ళ వల్ల కాదు. బెంజి సర్కిల్ దగ్గర పానీపూరీ...

పిన్ని: ఓహో, అదీ ఉందా!

(బాబాయికి ఎప్పుడు ఆపాలో ఈ వయసులో కూడా తెలీదు.)

బాబాయి: సరే, ఎండలో పెడితే ఏమవుతుందట?

పిన్ని: రంగులేని ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్ళు నింపి, పైన కాగితం పీకేసి, మంచి ఎండలో ఆరు గంటలుంచాలి. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలకి క్రిములు చస్తాయి.

బాబాయి: అతినీలమే కదా. నేనూ నీలమే కలిపాను.

పిన్ని: దేవుడా!

బాబాయి: ఎవరు కనిపెట్టారీ వైద్యం?

పిన్ని: బీరూట్‌లో ఒక ప్రొఫెసరు 1980లోనే రాశారు. 1991 నుంచి స్విట్జర్లాండ్ వాళ్ళు పరీక్షలు చేశారు.

బాబాయి: స్విట్జర్లాండ్‌లో ఎండెక్కడ చచ్చింది?

పిన్ని: అందుకే కనిపెట్టి మనకిచ్చారు. బెజవాడ ఎండ ఒక్క పనికైనా రావాలిగా!

బాబాయి: మబ్బు పడితే?

పిన్ని: రెండు రోజులుంచాలి. బురదనీళ్ళయితే ముందు వడకట్టి తేర్చాలి. ఉప్పదనం మాత్రం దీనితో పోదు, అదింకో గొడవ.

బాబాయి: ఇంత తతంగమెందుకే, కాచి చల్లార్చితే పోయేదానికి?

పిన్ని: తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. మీరు కాస్తే పేపరు చదవడం అయ్యేదాకా మరుగుతాయి. గ్యాస్ బండ మీ అత్తగారు పంపిస్తుందా?

బాబాయి: బుడమేరు వరదప్పుడు ఇచ్చిన క్లోరిన్ బిళ్ళలున్నాయిగా?

పిన్ని: 2024 సెప్టెంబరు నాటివి! గడువు తేదీ చూశారా? అప్పుడు మాత్రం ఏం చేశారు? టిన్నుకి ఒకటి వేసి అరగంట ఆగమంటే, మూడు వేసి అప్పుడే గ్లాసు ముంచారు. ఈతకొలను వాసనొస్తోందని టిన్నంతా పారబోశారు.

బాబాయి: మూడేస్తే క్రిములు మూడింతలు చస్తాయనుకున్నా. అది సరే, నీకింతకీ ఆ సీసాలెక్కడివి?

(అడక్కుండా ఉండాల్సింది.)

పిన్ని: నేనే అడుగుదామనుకుంటున్నా. మోటారు గది వెనక గోనెసంచిలో దొరికాయి. ఆరు కూల్‌డ్రింకు సీసాలు, రెండేసి లీటర్లవి. ఈ మేడలో షుగర్ లేనిది నాకూ టామీకీ మాత్రమే.

(బాబాయి నా వంక చూశారు. నేను మజ్జిగ గ్లాసులోకి చూశాను.)

బాబాయి: అది... కుక్కల కోసమే దాచాను.

పిన్ని: మళ్ళీ కుక్కలు!

బాబాయి: మరి ఏం చెయ్యనే? మొన్న బట్టలారేస్తూ టామీని చూసి బకెట్టు జారవిడిచి మెట్ల మీద పడ్డావు. మోకాలు వాచింది. అందుకే నీలిమందు పట్టుకుని ఎక్కాను.

పిన్ని: ఈ ఎండలోనా? చెప్పులేసుకునే వెళ్ళారా?

బాబాయి: తొందరలో...

పిన్ని: ఏదీ, పాదాలు చూపించండి. ఎర్రగా కందిపోయాయి! ఇలా కూర్చోండి, కొబ్బరినూనె తెస్తాను. బుర్ర మాత్రం దేవుడిచ్చినప్పుడే గడువు తీరిపోయిందేమో.

బాబాయి: ఆ నీలం నీళ్ళేం చేస్తావు మరి?

పిన్ని: మీ తెల్ల పంచెలు జాడిస్తాను. ఆ సీసాల్లో ఇక తాగే నీళ్ళు పొయ్యను. కొత్తవి కావాలి.

బాబాయి: (ఉత్సాహంగా లేచి) అయితే ఆరు కూల్‌డ్రింకులు పట్రానా?

పిన్ని: పట్రండి. తాగడానికి నేనూ టామీ ఉన్నాంగా.