ఆత్మాన్వేషణలో ఊడిన హ్యాండిల్

నా వ్యక్తిత్వం ఎలాంటిదో ఫోన్‌లో ఎవరో పంపిన ఒక క్విజ్ తేల్చి చెప్పింది. సముద్రం ఇష్టమా కొండ ఇష్టమా, తలుపు తోసి తెరుస్తారా లాగి తెరుస్తారా వంటి లోతైన ప్రశ్నలన్నీ అడిగి, చివర్లో ఫలితం చూపించింది. మీరు పైకి నిబ్బరంగా కనిపిస్తారు గానీ లోలోపల దిగులు పడుతుంటారు. మీలో బోలెడంత శక్తి ఉంది, దాన్ని ఇంకా పూర్తిగా వాడుకోలేదు. నలుగురూ మెచ్చుకోవాలని మీకు ఉంటుంది, మీలో వంకలు మీరే వెతుక్కుంటుంటారు.

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయన కనిపెట్టలేని సంగతిని ఈ ఫోను నిమిషాల్లో కనిపెట్టేసిందే అనుకున్నాను. ఆ ఉత్సాహం ఆపుకోలేక హాల్లో అందరికీ చదివి వినిపించాను.

మా ఆయన పేపరు దించి, "అచ్చం నేనే" అన్నారు.

అత్తయ్య, "నా సంగతులన్నీ నీ ఫోన్లోకి ఎలా వచ్చాయే అమ్మాయ్?" అన్నారు.

మా అమ్మాయైతే, "అమ్మా, అది నాకు ఫార్వర్డ్ చెయ్యి, స్టేటస్ పెట్టుకుంటా" అంది.

అనుమానం వచ్చి కాస్త తవ్వి చూశాను. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన క్లాసులో 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వ వివరణ వాళ్ళకి విడివిడిగా చేతికిచ్చాడట. మీకు ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వెయ్యండి అంటే, సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాలు కూడా బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తినవే. నా ఫలితంలో ఉన్నవీ ఇంచుమించు ఆ వాక్యాలే. అంటే, నా అంతరంగ రహస్యాలు నేను పుట్టకముందు నుంచే ఊరంతా చలామణీలో ఉన్నాయన్నమాట.

పౌరుషం వచ్చింది. ఎవడో రాసిన కాగితం ఎందుకు, నా సంగతేదో నేనే లోపలికెళ్ళి చూసుకుంటానని నిర్ణయించుకున్నాను. గ్రీసులో డెల్ఫీ అనే చోట అపోలో గుడి ముందు "నిన్ను నీవు తెలుసుకో" అని రెండున్నర వేల ఏళ్ళ కిందటే చెక్కించారు. దాని పక్కనే ఇంకో రెండు మాటలు కూడా ఉండేవట. ఒకటి, ఏదీ అతిగా వద్దు. రెండోది, ఎవరికైనా హామీ ఉన్నావో చిక్కుల్లో పడ్డావే. లోకం మొదటి మాట పట్టుకుని మిగతా రెండూ వదిలేసింది. ఆ మూడో మాట మా ఆయన చెవిన సకాలంలో పడి ఉంటే, స్నేహితుడి లోను వాయిదాలు మేము కట్టేవాళ్ళం కాదు. అది వేరే కథ.

ఆదివారం వెనక గదిలో గంటసేపు ఒంటరిగా, నిశ్శబ్దంగా, ఫోను లేకుండా కూర్చోవాలన్నది ప్రణాళిక. మా ఇంట్లో గంటసేపు ఒంటరిగా ఉండటం చిన్న సంగతి కాదు. అందుకని ముందే అందర్నీ కూర్చోబెట్టి ఒక ప్రసంగం చేశాను. మనసు మహా టక్కరిది, మౌనంగా కూర్చోనివ్వదు, బయటికి లాగడానికి నానా వేషాలూ వేస్తుంది. కాబట్టి నేను లోపల్నించి పిలిచినా, తలుపు బాదినా, బతిమాలినా ఎవరూ తలుపు తియ్యొద్దు. ఆ పిలిచేది నేను కాదు, నా మనసు.

"ఇల్లు తగలబడినా తియ్యొద్దా?" అన్నారు మా ఆయన.

"ఆ మంటలు కూడా మనసు సృష్టే" అన్నాను. ఊపులో ఉన్నప్పుడు ఇలాంటివి వాటంతట అవే వచ్చేస్తాయి.

మా ఇంట్లో నేను చెప్పిన మాట ఎవరూ వినరని నాకు గట్టి నమ్మకం. టవలు మంచం మీద వెయ్యొద్దని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఆ ఒక్క ఆదివారం మాత్రం అందరూ అక్షరం పొల్లు పోకుండా విన్నారు.

తలుపేసుకుని చాప మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకుని "నేనెవర్ని?" అని లోపలికి ఒక ప్రశ్న వదిలాను. బాత్రూంలో కుళాయి కట్టేశానా అని లోపల్నించి జవాబొచ్చింది. దాన్ని పక్కకి తోసి మళ్ళీ అడిగాను. ఈసారి, ఎప్పుడో ఒక పెళ్ళిలో ఒకావిడ "కాస్త ఒళ్ళు చేసినట్టున్నావు" అంటే నేను అనాల్సిన మాట ఇప్పుడు తట్టింది. ఎంత బ్రహ్మాండంగా ఉందో! చెప్పడానికి ఆవిడే ఎదురుగా లేదు.

ఇదంతా నా ఒక్కదాని రోగం కాదు లెండి. 2010లో హార్వర్డ్ పరిశోధకులిద్దరు 2,250 మంది ఫోన్లకి వేళాపాళా లేకుండా కబురు పెట్టి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది అని అడిగారు. నూటికి దాదాపు 47 సార్లు మనసు చేస్తున్న పనిమీద లేదట. అలా తిరుగుళ్ళు తిరుగుతున్నప్పుడు మనుషులు తక్కువ సంతోషంగా ఉన్నారని కూడా తేలింది. దానికన్నా నాకు నచ్చింది 2014లో వచ్చిన ఇంకో ప్రయోగం. మనిషిని ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టి, కావాలంటే తనకి తానే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకునే బటన్ పక్కన పెట్టారు. ఆ షాక్ ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు కూడా. డబ్బిచ్చయినా దాన్ని తప్పించుకుంటామన్నవాళ్ళలోనే, 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు ఒంటరితనం కన్నా షాకే నయమని బటన్ నొక్కారు. ఒక మహానుభావుడైతే 190 సార్లు నొక్కాడు. చదివినప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు చాప మీద కూర్చుని, ఇస్త్రీ బల్ల పక్కనున్న ప్లగ్ పాయింట్ వంక చూస్తుంటే ఆయన మీద గౌరవం కలిగింది.

ఇంతలో హాల్లో రిమోటు కోసం యుద్ధం మొదలైంది. తీర్పు చెప్పి వచ్చేద్దామని లేచి, తలుపు హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కాను.

హ్యాండిల్ నా చేతిలోకి వచ్చేసింది. ఇలాంటి హ్యాండిల్ మెడ కింద, కనిపించీ కనిపించకుండా ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. తలుపు మధ్యలోంచి దూరే నలుపలకల కడ్డీని పట్టి ఉంచేది అదే. అది వదులైందని చాన్నాళ్ళ కిందటే మా ఆయనకి చెప్పాను. ఆదివారం బిగిస్తానన్నారు. ఏ ఆదివారమో నేనూ అడగలేదు. కడ్డీ కొస మాత్రం రంధ్రంలో వేలికి అందీ అందకుండా ఉంది. బయటి హ్యాండిల్ బాగానే ఉంది కదా, ఎవరో ఒకరు తిప్పితే సరిపోతుంది.

"ఏవండీ, కాస్త తలుపు తియ్యండి" అన్నాను మామూలుగా.

బయట రిమోటు యుద్ధం ఆగిపోయింది. నిశ్శబ్దం. తర్వాత మా ఆయన గొంతు, "పట్టు వదలకు. నీ మనసు పిలుస్తోంది."

"మనసు కాదండీ, హ్యాండిల్ ఊడింది!"

"చూశావా, ఎంత తెలివిగా అల్లుతోందో!" అన్నారు అత్తయ్య మెచ్చుకోలుగా.

తలుపు బాదాను. బాదుతుందని ముందే చెప్పింది కదా నాన్నా అని మా అమ్మాయి గుర్తు చేసింది. బతిమాలాను. అదీ చెప్పింది అంది. అసలు నేను చెయ్యబోయే పనులన్నీ నేనే జాబితా ఇచ్చి వచ్చాను కాబట్టి, ఏం చేసినా నేను చెప్పింది నిజమని రుజువవుతోంది తప్ప తలుపు తెరుచుకోవట్లేదు. తలుపవతల ఒక చిన్న సభ జరిగింది. పిలుస్తున్నది నేనా, నా మనసా అన్న విషయం మీద చర్చ. వేదాంతులు తరతరాలుగా తేల్చలేని ప్రశ్న మా వరండాలో తేలబోతోందని నాకప్పుడు తెలీదు.

"నువ్వు నువ్వేనని రుజువేంటి?" అన్నారు మా ఆయన చివరికి.

ఇది నేను ఊహించని ప్రశ్న. నిజానికి నేను లోపలికొచ్చిందే దీని జవాబు కోసం. ఏం చెప్పాలా అని బుర్ర గోక్కుంటుంటే ఆయనే, "సరే, పోయిన నెల కరెంటు బిల్లు ఎక్కడుందో చెప్పు" అన్నారు.

"టీవీ కింద రెండో సొరుగులో, పాత డైరీ కింద. దాని మీద మీ ఇన్సూరెన్స్ కాగితం కూడా ఉంది, మడత పెట్టకండి."

"నా జామెట్రీ బాక్స్?" అంది మా అమ్మాయి.

"నీ మంచం కింద, ఎడమ చెప్పు పక్కన."

"నా మోకాలి పట్టీ?"

"ఉతికి ఆరేశాను అత్తయ్యా, వెనకాల తీగ మీద కుడి చివర."

కాసేపు కాళ్ళ చప్పుళ్ళు, సొరుగుల చప్పుళ్ళు. అన్నీ చెప్పినచోటే దొరికినట్టున్నాయి. మా అమ్మాయి గంభీరంగా ప్రకటించింది, "నాన్నా, ఇది అమ్మే."

అంతే. క్విజ్ తేల్చలేనిది, మౌనం తేల్చలేనిది, మూడు వస్తువులతో తేలిపోయింది. ఇంట్లో ఏది ఎక్కడుందో తెలిసిన ప్రాణిని నేను. వినడానికి పెద్ద గొప్పగా లేదు గానీ, ఫోరర్ కాగితంలా అందరికీ సరిపోయేది మాత్రం కాదు. మా ఇంట్లో ఇంకొక్కరికి సరిపోతే చూపించండి.

ఇక రక్షణ కార్యక్రమం మొదలైంది. మా ఆయన ఆవేశం మనిషి. బయటి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పుంటే పనైపోయేది. రెండు చేతులతో పట్టుకుని లాగారు. ఠంగుమని చప్పుడు. కడ్డీతో సహా అదీ ఊడి ఆయన చేతిలోకెళ్ళింది. ఇప్పుడు తలుపుకి ఇటో హ్యాండిల్ లేదు, అటో హ్యాండిల్ లేదు. మధ్యలో చదరపు కన్నం, అందులోంచి మా ఆయన కన్ను.

"కంగారు పడకు. స్క్రూడ్రైవర్ ఎక్కడుంది?"

"ఇక్కడే, నా దగ్గర, పనిముట్ల సొరుగులో."

కన్ను కాసేపు ఆలోచించింది. "కటింగ్ ప్లేయర్?"

"అదీ ఇక్కడే."

కార్పెంటర్‌కి ఫోన్ చేస్తానని కన్ను వెళ్ళిపోయింది. నేను పనిముట్ల సొరుగు బయటికి లాగి, చాప మీద బోర్లించాను. పెళ్ళయిన దగ్గర్నించీ ఇంటికొచ్చిన ప్రతి వస్తువుదీ ఏదో ఒక ముక్క అందులో ఉంది. ఏ తాళానివో తెలియని తాళంచెవులు, పోయిన ఫోన్ల చార్జర్లు, బీరువా బిగించాక మిగిలిపోయిన స్క్రూలు. మిగిలాయంటే మంచి క్వాలిటీవే అయ్యుంటాయని మా ఆయన దాచారు. ఆ బీరువా ఎందుకు ఊగుతుందో నాకప్పుడర్థమైంది.

హ్యాండిల్‌కి సరిపోయే బుల్లి స్క్రూ కోసం వెతకడం మొదలుపెట్టాను. ఒకటి లావు, ఒకటి పొడుగు, ఒకదాని మర అరిగిపోయింది. సరిపోనివాటిని పక్కన పెట్టే బదులు సైజుల వారీగా వరసలు పేర్చాను. వరసలు బాగున్నాయని బోల్టులు కూడా పేర్చాను. మేకులు ఊరుకుంటాయా, వాటికీ ఒక వరస. బయట ఎవరెవరో ఏదేదో అంటున్నారు. కుళాయి సంగతి గుర్తు రాలేదు. పెళ్ళిలో ఒళ్ళు చేశానన్న ఆవిడా రాలేదు. నేనెవర్నన్నది సరేసరి, ఉన్నానన్న సంగతే గుర్తు లేదు.

చిక్‌సెంట్‌మిహాయ్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. జనం జేబుల్లో పేజర్లు పెట్టి, అవి మోగినప్పుడల్లా మీరేం చేస్తున్నారు, ఎలా ఉంది అని రాయించుకునేవాడు. పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే హడల్, రెంటికీ మధ్య చేతికి సరిపడా కష్టం దొరికితే మనిషి తనని తాను మర్చిపోయి హాయిగా ఉంటాడని ఆయన తేల్చింది. తెలుసుకోవడానికని తలుపేసుకున్నదాన్ని, మర్చిపోయి కూర్చున్నాను. అన్నట్టు, లాటరీ తగిలినవాళ్ళ మీద కూడా 1978లో ఒక అధ్యయనం వచ్చింది. 22 మంది విజేతల్ని అడిగితే, స్నేహితుడితో కబుర్లు, టీవీ, ఒక జోకు లాంటి రోజువారీ సుఖాల్లో మామూలు వాళ్ళకున్నంత మజా వాళ్ళకి రావట్లేదని తేలింది. నాకు లాటరీ తగిలే ప్రమాదం లేదు కాబట్టి మేకుల వరస నిశ్చింతగా పూర్తి చేశాను.

స్క్రూ దొరకలేదు. దొరికినా కడ్డీ అవతల ఉంది. ఊరికే చూద్దామని పెద్ద స్క్రూడ్రైవర్ తీసి, దాని బల్లపరుపు కొసని చదరపు కన్నంలో మూల నుంచి మూలకి ఆనించి తిప్పాను. టక్. గడియ నాలుక లోపలికెళ్ళింది. తలుపు వేలెడంత తెరుచుకుంది. సందులోంచి హాలు కనిపించింది. రిమోటు ఎవరి చేతిలోనూ లేదు. టవలు మంచం మీదే ఉండి ఉంటుంది.

అప్పుడే మా ఆయన ఫోను మాట్లాడటం పూర్తి చేసి ఇటు వస్తున్న అడుగులు వినిపించాయి. తలుపు మెల్లగా దగ్గరికి వేసి, స్క్రూడ్రైవర్ వెనక్కి తిప్పాను. గడియ మళ్ళీ పడింది.

"కార్పెంటర్ దొరికాడు" అన్నారు కన్నంలోంచి. "కానీ రావడానికి గంట పడుతుందట. పాపం, ఓపిక పట్టు."

"గంటేనా? ఆయనకి ఇంకేదైనా పనుంటే చూసుకుని రమ్మనండి" అన్నాను, వాషర్లు దగ్గరికి లాక్కుంటూ.