ఖాళీ నడవాకి 43 యూరోలా?

ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్తే, ఒకప్పటి దొరల నడవా అయిన వసారి కారిడార్ చూసి రండని మనవాళ్ళలో ఎవరికి చెప్పినా ముందు వచ్చే ప్రశ్న, “లోపల ఏముంటుందండీ?” అని. ఏమీ ఉండదు. సున్నం గోడలు, కాల్చిన మట్టి పలకల నేల, కిటికీలు. 2016లో మూసేసిన ఈ నడవాని బాగుచేసి 2024 డిసెంబర్ 21న మళ్ళీ తెరిచినప్పుడు ఉఫీజీ మ్యూజియంతో కలిపి టికెట్ 43 యూరోలు పెట్టారు. అంత పోసి ఉత్త గోడలు చూడాలా అంటే, చూడాలనే అంటాను. ఉత్త గోడలు కాబట్టే చూడాలి.

మూయకముందు ఇక్కడ చిత్రకారులు తమను తాము గీసుకున్న బొమ్మలు వరసగా వేలాడుతుండేవి. వాటిని తీసేశారని నొచ్చుకునేవాళ్ళు ఉన్నారు. నాకైతే మంచి పనే చేశారనిపించింది. బొమ్మలుంటే కళ్ళు గోడకే అతుక్కుపోతాయి. ఈ కట్టడంలో అసలు సంగతంతా కిటికీల దగ్గరుంది.

1565లో ఫ్లోరెన్స్‌ని ఏలే మెదీచీ వంశపు డ్యూక్ కోసిమో కొడుక్కి ఆస్ట్రియా రాకుమారితో పెళ్ళి. ఆ సందడిలో వాస్తుశిల్పి జొర్జో వసారి చేత సుమారు అయిదు నెలల్లో దీన్ని కట్టించాడు. (మన దగ్గర అయిదు నెలలంటే శంకుస్థాపన రాయి మీద దండ ఎండిపోయే టైము.) దర్బారు సాగే పలాజ్జో వెక్యోలో మొదలై, ఉఫీజీ మీదుగా, ఆర్నో నది మీద పొంటే వెక్యో వంతెన కొట్ల నెత్తిన సాగి, అవతలి ఒడ్డున కాపురముండే పిట్టి భవనం దాకా పోతుంది. దాదాపు ముప్పావు కిలోమీటరు. వీధిలో కాలు పెట్టకుండా ఆఫీసు నుంచి ఇంటికి.

వీధంటే ఆ భయం ఊరికే పుట్టలేదు. 1478లో ఈ మెదీచీ వంశంవాడే అయిన జూలియానోని పెద్ద చర్చిలో, ప్రార్థన జరుగుతుండగానే పొడిచేశారు. కోసిమోకి ముందు డ్యూక్‌గా ఉన్న అలెస్సాండ్రోని 1537లో సొంత బంధువే చంపాడు. దారిలో సాంటా ఫెలీచితా చర్చి తగిలేచోట నడవాలోంచి చర్చిలోకి ఒక బాల్కనీ ఎందుకుందో ఇప్పుడు తెలుస్తుంది. జనంలోకి దిగకుండా పైనుంచే దేవుడికి దణ్ణం పెట్టుకోవచ్చు.

గోల్కొండ నుంచి చార్మినార్‌కి సొరంగం ఉందన్న కథ వినకుండా పెరిగిన హైదరాబాదీ ఉండడు. రాజుగారి దారంటే మన లెక్కలో నేల కింద, మూడో కంటికి తెలియకుండా ఉండాలి. కోసిమోది దానికి తలకిందులు. దారి ఊరి నడిబొడ్డున అందరికీ కనబడుతూనే ఉంటుంది. కనబడనిది అందులో నడిచే మనిషే. వంతెన మీద ఇనప కమ్మీలున్న చిన్న గుండ్రటి కిటికీ దగ్గర ఆగి కిందికి చూశాను. ఐస్‌క్రీమ్ నాకుతూ, నగల కొట్ల అద్దాలకి ముక్కులు ఆనించి జనం. ఒకాయన తలెత్తి సరిగ్గా నావైపే చూశాడు. చూపు నన్ను దాటి పోయింది. ఆ రోజుల్లో వంతెన మీద ఉన్నవి మాంసం కొట్లు. కొట్టువాడు తలెత్తి చూస్తే పైన దొర ఉన్నాడో లేడో తేలదు. ఉన్నాడనుకునే మసలుకోవాలి. కాపలాకి ఒక్క సిపాయి అక్కర్లేదు.

మాంసం కంపు కూడా పైకి కొట్టినట్టుంది. కోసిమో ఇంకో కొడుకు ఫెర్డినాండో 1593లో కొట్లన్నీ ఖాళీ చేయించి కంసాలులకి ఇప్పించాడు. ఇప్పుడు మనవాళ్ళు గాజుల ధర అడిగి మెల్లగా జారుకునేది ఆ కంసాలుల తర్వాత వచ్చిన కొట్ల నుంచే.

ఇంతటి దొరకీ ఒకచోట అడ్డు తగిలింది. వంతెన దక్షిణపు కొసన మన్నెల్లి కుటుంబానికి ఒక బురుజు ఉండేది, ఇప్పటికీ ఉంది. దాన్ని కూల్చడానికి వాళ్ళు ససేమిరా అన్నారట. అప్పటిదాకా తిన్నగా వచ్చిన నడవా అక్కడ రాతి దిమ్మెల మీద వేలాడుతూ బురుజుని చుట్టుకుని పోతుంది. లోపల ఉన్నవాళ్ళకి అదొక ఇరుకు మలుపు, అంతే. మొత్తం దారిలో నాకు నచ్చిన చోటు అదే. రోడ్డు వెడల్పులో తాతల నాటి అరుగు పోగొట్టుకున్న ఇళ్ళు మనలో ఎన్ని లేవు!

పీసా గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటోకి ఒక రోజు, ఫ్లోరెన్స్‌కి ఒక పూట. మన ప్యాకేజీ టూర్ల లెక్క ఇది. అందులో ఈ నడవాకి చోటు దొరకదు. టికెట్ ముందే బుక్ చేసుకోవాలి, పాతిక మందికి మించకుండా గుంపుగా పంపుతారు, ఉఫీజీలో ఎక్కితే పిట్టి భవనపు బోబొలి తోట దగ్గర తేలడమే. అందుకని ఊళ్ళో రెండు రోజులుండండి. మొదటి రోజు పైకెక్కకండి. వంతెన మీద జనంలో పడి నడవండి, ఆ గుండ్రటి కిటికీలకేసి చూడండి. మన్నెల్లి బురుజు కింద దిమ్మెలు వీధిలోంచే బాగా కనిపిస్తాయి. సాంటా ఫెలీచితాలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి ఆ బాల్కనీ చూడండి. అక్కడే గుమ్మం దాటగానే కుడిచేతి పక్క ఆ శతాబ్దపు చిత్రకారుడు పొంటోర్మో వేసిన క్రీస్తు బొమ్మ ఉంటుంది. గులాబీ, నీలం రంగులు చూసి నిన్ననే వేశారేమో అనుకుంటారు.