బరువు తగ్గే ఆపరేషన్: షుగర్ రోగికి అదనే ముఖ్యం

చెన్నైలో కాపురం ఉంటున్న తెలుగువాళ్ల ఇళ్లు సగం సత్రాలే. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేటల నుంచి పెద్ద డాక్టరుకు చూపించుకోవాలని వచ్చే బంధువులంతా దిగేది అక్కడే. పెరంబూరులోని మా ఇంటికి పోయిన ఏడాది వేసవిలో ఒకే వారంలో ఇద్దరు వచ్చారు. ఒకరు మా పెద్దమ్మ కూతురు. నాకు అక్క, బడిలో టీచరు. వయసు 44, ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. షుగర్ వచ్చి ఐదేళ్లు. మూడు రకాల మాత్రలు మింగుతున్నా, సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9 నుంచి దిగడం లేదు. రెండోవారు బాబాయి. ఆయన వయసు 61, ఆయన షుగర్ వయసు 19. పన్నెండేళ్లుగా ఇన్సులిన్ పొడుచుకుంటున్నారు.

బాబాయి ఒక మాట గట్టిగా పట్టుకుని వచ్చారు. "బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటే సూదులు పోతాయట అబ్బాయ్, ఖర్చెంతైనా సరే." అక్క వచ్చింది మోకాళ్ల నొప్పికి. ఆపరేషన్ మాట ఎత్తితేనే ఉలిక్కిపడింది. "ఇంకా ఇన్సులిన్ కూడా మొదలుపెట్టలేదు, అప్పుడే కోతలెందుకు? అన్నీ అయ్యాక చూద్దాంలే." ఇద్దరినీ ఒకే డాక్టరుకు చూపించాను. ఆయన బాబాయికి వద్దన్నారు. అక్కతో మాత్రం, "ఆలోచించాల్సింది ఇప్పుడేనమ్మా, ఇంకో పదేళ్లకు కాదు" అన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ ఆ తీర్పు మింగుడుపడలేదు. జబ్బు ముదిరినవాళ్లకు కదా పెద్ద వైద్యం? మన ఇళ్లలో లెక్క ఎప్పుడూ అదే. ముందు పథ్యం, తరవాత మాత్రలు, ఆ తరవాత సూది. ఏదీ పనిచేయకపోతే చివరికి కత్తి. చాలా జబ్బులకు ఆ వరస సరైనదే. షుగర్ కోసం చేసే బరువు ఆపరేషన్‌కు అది సరిపోదన్నది ఆ తరవాత నెలల తరబడి చదివి, డాక్టర్లను అడిగి నేను తెలుసుకున్న సంగతి. సేద్యంలో విత్తడానికి అదను ఉన్నట్టే దీనికీ ఒకటుంది. అది దాటాక అదే కత్తి, అదే డాక్టరు, అదే ఖర్చు, ఫలం మాత్రం సగానికి సగం.

ముందు ఒక భయాన్ని పక్కన పెట్టాలి. బరువు ఆపరేషన్ అనగానే మన తెలుగు ఇళ్లలో ఇప్పటికీ 2015లో చనిపోయిన నటి ఆర్తి అగర్వాల్ పేరు వినిపిస్తుంది. ఆమె చేయించుకున్నది లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం. మనం మాట్లాడుకుంటున్న బేరియాట్రిక్ సర్జరీకీ దానికీ సంబంధం లేదు. లైపోసక్షన్ షుగర్‌కు మందు కూడా కాదు. 2004లో అమెరికా పరిశోధకులు కొందరు మహిళల పొట్ట నుంచి దాదాపు పది కిలోల కొవ్వు తీసి చూస్తే, ఇన్సులిన్ పనితీరులో మార్పేమీ రాలేదు. షుగర్ కిటుకు చర్మం కింద లేదు. కాలేయంలో, క్లోమంలో, పేగుల్లో ఉంది.

బేరియాట్రిక్ సర్జరీలో ముఖ్యంగా రెండు రకాలు. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేసి, అరటికాయంత సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. బైపాస్‌లో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దాన్ని చిన్నపేగు మధ్యకు కలుపుతారు. తిన్నది పేగుల మొదటి భాగాన్ని దాటవేసి నేరుగా కిందికి చేరుతుంది. అప్పుడు పేగుల నుంచి జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలై, క్లోమాన్ని మేల్కొలిపి ఇన్సులిన్ ఇప్పిస్తాయి. తిండి తగ్గడంతో కాలేయంలో పేరుకున్న కొవ్వు మొదట కరుగుతుంది. అందుకే చాలామందికి బరువు ఇంకా దిగకముందే, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే షుగర్ దిగుతుంది. అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ 1995లో తన రోగుల ఫలితాలను ప్రకటించినప్పుడు వైద్యలోకం నివ్వెరపోయింది కూడా ఇందుకే. బరువు కోసం చేసిన కోత షుగర్‌ను లొంగదీయడం అప్పటికి కొత్త.

అయితే 'షుగర్ పోయింది' అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మందులన్నీ ఆపి మూడు నెలలు గడిచాక కూడా హెచ్‌బీఏ1సీ 6.5 లోపు ఉంటే, దాన్ని ఉపశమనం అనాలని 2021లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించారు. నయమైందనే మాట వాళ్లు వాడలేదు. స్వీడన్‌లో ఏళ్ల తరబడి సాగిన ఎస్ఓఎస్ అధ్యయనం దీన్ని బాగా చూపిస్తుంది. ఆపరేషన్ అయిన రెండేళ్లకు షుగర్ రోగుల్లో 72 శాతం మందికి ఉపశమనం ఉంది. పదిహేనేళ్లకు అది 30 శాతానికి తగ్గింది. ఈ రెండో అంకె చూసి పెదవి విరిచేవాళ్లు మరో అంకెను కూడా చూడాలి. ఆపరేషన్ లేకుండా మామూలు వైద్యంతో ఉన్నవాళ్లలో పదిహేనేళ్లకు ఉపశమనంలో ఉన్నది 6.5 శాతమే. పైగా కళ్లు, మూత్రపిండాలు, నరాల దెబ్బలు ఆపరేషన్ అయినవాళ్లలో సగానికి పైగా తగ్గాయి. షుగర్ తిరిగి వచ్చినా, అది రాకుండా గడిచిన ఏళ్లు ఒంటికి మిగిలిన లాభమే.

ఈ ఉపశమనం ఎవరికి నిలుస్తుంది అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు తూకం యంత్రం మీద దొరకదు. టైప్-2 షుగర్ బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాల పనితీరు దాదాపు సగం పోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం తేల్చింది. అక్కడి నుంచి ఏటేటా తరుగే. ఆపరేషన్ చేయగలిగిందల్లా మిగిలిన కణాల మీది భారం దించి, వాటికి ఊపిరి పోయడం. మిగిలినవే లేకపోతే ఊపిరి ఎవరికి పోయాలి? అందుకే ఆపరేషన్ ఎవరికి ఫలిస్తుందో అంచనా వేయడానికి తైవాన్ వైద్యులు తయారుచేసిన ఏబీసీడీ లెక్కలో నాలుగే అంశాలుంటాయి. వయసు, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును తూచే లెక్క), సీ-పెప్టైడ్, షుగర్ వచ్చి ఎన్నాళ్లయిందన్నది. సీ-పెప్టైడ్ మామూలు రక్తపరీక్షే. ఒంట్లో సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెబుతుంది. బయటి నుంచి పొడుచుకునే ఇన్సులిన్ దాన్లో కలవదు.

బాబాయి సీ-పెప్టైడ్ 0.6 వచ్చింది. అక్కది 3.4. డాక్టరు ఆ రెండు కాగితాలను బల్ల మీద పక్కపక్కన పెట్టి, పెన్నుతో ఆ రెండు అంకెల చుట్టూ సున్నాలు చుట్టారు. బాబాయి కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చాలాసేపు చూశారు. "పదిహేనేళ్ల కిందట వచ్చి ఉంటే?" అని అడిగారు. డాక్టరు అబద్ధం చెప్పలేదు. "అప్పుడైతే వేరే మాట చెప్పేవాణ్ని" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ పదిహేనేళ్లలో బాబాయి ఎందరో డాక్టర్లను చూశారు, ఎన్నో మాత్రలు మార్చారు. ఈ దారి ఒకటుందని ఒక్కరూ చెప్పలేదు. చెబితే చేయించుకునేవారా అన్నది వేరే సంగతి. తెలుసుకునే అవకాశమైనా ఉండాల్సింది.

కాబట్టి సీ-పెప్టైడ్ చూడకుండా, షుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందో అడగకుండా, మొదటి రోజే ఆపరేషన్ తేదీ రాసిచ్చే చోట నుంచి లేచి రావాలని నేను అంటాను. సన్నగా ఉండి షుగర్ అదుపు తప్పినవాళ్లకు అది టైప్-1 (ఒంట్లో ఇన్సులిన్ తయారీయే ఆగిపోయే రకం) కోవకు చెందిందేమో పరీక్షించకుండా కత్తి పట్టడం మరీ ఘోరం.

ఇక బరువు లెక్క. శరీరంలో కొవ్వు విషయంలో మనవాళ్ల తీరు వేరు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూపులకు సన్నగా ఉండే మన దేహం లోపల కొవ్వును దాచుకుంటుంది. ఆసియావాళ్లకు గీతలు కిందికి దించింది అందుకే. 2022లో అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆసియావాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్ గురించి చెప్పాలి. అక్క బీఎంఐ 32.8. వైద్యం దృష్టిలో ఆమె ఆ గీతను ఎప్పుడో దాటింది.

బీమా దృష్టిలో దాటలేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక నిబంధనల్లో ఊబకాయం ఆపరేషన్‌కు డబ్బు రావాలంటే బీఎంఐ 40 ఉండాలి, లేదా అదుపులో లేని షుగర్ లాంటి జబ్బుతో 35 ఉండాలి. ఇవి 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ గీసిన గీతలు. తెల్లవాళ్ల దేహాలను చూసి గీసినవి. అమెరికా నిపుణులే వాటిని దాటి ముందుకు వెళ్లిపోయారు, మన పాలసీ పత్రాల్లో మాత్రం అవి రాతిలో చెక్కినట్టు ఉన్నాయి. అక్క ఎత్తుకు 35 అంటే 89.6 కిలోలు. మా బావ లెక్క కట్టి, "ఇంకో ఆరు కిలోలు పెరిగి రమ్మంటారా?" అని బీమా కౌంటరులో అడిగారు. అక్కడి అమ్మాయి తల దించుకుంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. రోగిని మరింత చెడిపోయి రమ్మనే నిబంధన రాసినవాళ్లు దాన్ని తిరగరాయాలి. 32.5 దగ్గరైనా గీత దించితే వేలమందికి మా బాబాయి గతి పట్టకుండా ఉంటుంది. అక్క చివరికి చేతి డబ్బుతోనే ఆపరేషన్ చేయించుకుంది. నాలుగు లక్షలకు కాస్త తక్కువైంది. రెండు జతల గాజులు బ్యాంకులో ఉన్నాయి.

ఇప్పుడు సూదిమందులు వచ్చాయి కదా అనే మాట తప్పకుండా వస్తుంది. మౌంజారో (మందు పేరు టిర్జెపటైడ్) 2025 మార్చిలో, వెగోవీ (సెమాగ్లూటైడ్) అదే ఏడాది జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మంచి మందులే, నేను వాటికి వ్యతిరేకిని కాను. ఆపరేషన్ భయమున్నవాళ్లు, బీఎంఐ తక్కువ ఉన్నవాళ్లు ముందు వాటినే ప్రయత్నించవచ్చు. తెలుసుకోవాల్సినవి రెండు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ మందులతో తగ్గే బరువు, షుగర్ లేనివాళ్లతో పోలిస్తే తక్కువ. టిర్జెపటైడ్ పెద్ద మోతాదులో షుగర్ లేనివాళ్లు 21 శాతం దాకా తగ్గితే, ఉన్నవాళ్లు 15 శాతం దగ్గర ఆగారు. రెండోది, ఆపితే బరువు తిరిగి వస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలోపే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. నెలనెలా ఆ ఖర్చు ఎన్నేళ్లు భరించగలమని ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకోవాలి.

ఆపరేషన్‌ను తేలిక చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. అనుభవమున్న చోట ప్రాణాపాయం వెయ్యిలో ఒకరికి అటూఇటూ. పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో పోల్చదగినది. కానీ ఆ ఒక్కరు ఎవరి ఇంట్లోనో ఉంటారు. 2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరి నుంచి చెన్నైకి ఇదే ఆపరేషన్‌కు వచ్చిన ఒక యువకుడు తిరిగి ఇల్లు చేరలేదు. అత్యవసర ఏర్పాట్లు ఉన్నాయా, ఐసీయూ ఉందా, ఏడాదికి ఎన్ని ఇలాంటివి చేస్తారు, మత్తు ఇచ్చే డాక్టరు ఎవరు అని అడగడం అనుమానించడం కాదు, అది రోగి హక్కు. తక్కువ ప్యాకేజీ చూసి వెళ్లవద్దు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు వాటిని ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి తీరాలి. లేకపోతే రక్తంలో షుగర్ మామూలుగానే కనిపిస్తూ, లోపల ఆమ్లాలు పెరిగే ప్రమాదం ఉంది. కంటి లోపలి తెర (రెటీనా) పరీక్ష కూడా ముందే చేయించాలి. షుగర్ ఒక్కసారిగా దిగితే ముందే ఉన్న కంటి దెబ్బ కొందరిలో పెరుగుతుంది.

ఆ తరవాత బతుకంతా మారుతుంది. ఆపరేషన్ అయిన మర్నాడు నర్సు అక్క చేతికి 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ గిన్నె ఇచ్చింది. దగ్గు మందు సీసాకు మూతగా ఉంటుందే, అంత. పావుగంటకు ఒక గిన్నె నీళ్లు, అది కూడా చప్పరిస్తూ. తెల్లవారుజామున గ్లాసెడు నీళ్లు గటగటా తాగే మనిషి, ఆ గిన్నెను రెండు వేళ్లతో పట్టుకుని గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. మూడో వారంలో పెరుగన్నం ఒక్క ముద్ద తొందరగా మింగి మొత్తం కక్కుకుంది. మూడో నెలలో జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. ఇప్పుడు రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు తినాలి. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. శాకాహారులకు ఈ లెక్క ఇంకా కష్టం. బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించాలి. బైపాస్ అయినవాళ్లు నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకూడదు, అల్సర్లు పడతాయి. స్లీవ్ అయినవాళ్లలో కొందరికి గుండెల్లో మంట పట్టుకుంటుంది. ఇదంతా మోయగలనా అని తనను తాను అడగని మనిషికి సీ-పెప్టైడ్ ఎంత బాగున్నా ఆపరేషన్ తగదు.

ఇంకొక్కటి, దీన్ని డాక్టర్లు చెప్పరు. మన ప్రేమ వడ్డనలో ఉంటుంది. మొన్న మాఘమాసంలో నెల్లూరులో పెళ్లికి వెళితే, విస్తరి ముందు కూర్చున్న అక్క చుట్టూ నలుగురు చేరారు. "రెండు ముద్దలేనా? ఏమైందమ్మా, ఇలా చిక్కిపోయావు?" అంటూ పులిహోర, బూరె కొసరి కొసరి వేశారు. ఆమె వద్దన్న ప్రతిసారీ ఎవరో ఒకరు నొచ్చుకున్నారు. బావ లేచి వచ్చి, విస్తరిని తన ముందుకు జరుపుకుని, ఆ బూరెలన్నీ తానే తిన్నారు. అక్క పప్పులో ముంచిన నాలుగు మెతుకులు, ఒక గుడ్డు తెల్లసొన అరగంట సేపు నమిలింది.

ఆమె బరువు ఇప్పుడు 63 కిలోలు. మాత్రలు ఏవీ లేవు. పోయిన నెల హెచ్‌బీఏ1సీ 5.9. పదేళ్ల తరవాత ఎంత ఉంటుందని అడిగితే, "అప్పటికి నా చిన్నది ఇంజినీరింగ్ ముగించేసి ఉంటుంది" అంటుంది. బాబాయికి ఇన్సులిన్ మోతాదు సరిచేశారు, ఆయన కూడా కాస్త మెరుగు. పోయిన వారం ఫోన్ చేసి, ఆయన పెద్దకొడుక్కి షుగర్ బయటపడిందని చెప్పారు. అతని వయసు 36, బరువు 97. "వాణ్ని ఈ శనివారం మీ ఇంటికి పంపిస్తున్నాను అబ్బాయ్. ఆ పరీక్ష ఏదో ఉంది కదా, దాన్ని ముందు చేయించు" అన్నారు.