బస్సెక్కాలంటే భయం

కనిగిరి నుంచి ఒంగోలుకైనా, ఉదయగిరి నుంచి నెల్లూరుకైనా పల్లెవెలుగు బస్సులో రెండు గంటలకు తక్కువ పట్టదు. పేగుపూత, అంటే పేగులు వాచి పుండ్లు పడే జబ్బు ఉన్నవాళ్లు ఆ బస్సెక్కాలంటే ముందురోజు రాత్రి నుంచే కడుపు మాడ్చుకుంటారు. ఇందులోని రెండు రకాలు, అల్సరేటివ్ కొలైటిస్ గానీ, క్రోన్స్ గానీ ముదిరితే రోజుకు పదిసార్లయినా విరేచనానికి వెళ్లాల్సి రావచ్చు. నెత్తురు పడుతుంది. వచ్చిందంటే ఆపుకోవడం వాళ్ల చేతుల్లో ఉండదు. బస్సు ఆపమని కండక్టర్ని అడగడానికి మగవాళ్లే సిగ్గుపడతారు, ఆడవాళ్ల అవస్థ ఇక చెప్పేదేముంది?

ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది 15 నుంచి 35 ఏళ్ల మధ్య. చదువు, ఉద్యోగం, పెళ్లి సంబంధాలు అన్నీ ఒక్కసారే మీదపడే వయసది. నెత్తురు కనబడగానే మొలలనుకుని నాటువైద్యానికి పోయేవాళ్లున్నారు. క్రోన్స్‌కూ పేగు టీబీకీ తేడా పట్టడం డాక్టర్లకే కష్టం గనుక నెలల తరబడి టీబీ మందులు మింగినవాళ్లూ ఉన్నారు. ఒంట్లోని రోగనిరోధక శక్తి పేగు మీదే తిరగబడటం వల్ల ముదిరే జబ్బు ఇది. అంటుకోదు. అయినా చేపల పులుసు మీద నేరం మోపే పెద్దమనుషులకు మన దగ్గర కొదవలేదు.

పాత చీటీ చూపించి మందుల షాపులో స్టెరాయిడ్లు కొనుక్కోవడం ఇంకో ప్రమాదం. వారంలో హాయిగా అనిపించవచ్చు గానీ, నెలలు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పట్టుకుంటుంది. కొలైటిస్‌కు ఇచ్చే మెసలమైన్ మాత్రలు జబ్బు సద్దుమణిగాక కూడా ఏళ్ల తరబడి వాడాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో హీమోఫీలియా, తలసేమియా ఉన్నాయి, పేగుపూత లేదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2005లోనే, ఇలాంటి రోగులు అత్యవసరమైతే దుకాణాల్లో సిబ్బంది టాయిలెట్ వాడుకోవచ్చని చట్టం చేసింది. మన దగ్గర అంతదాకా పోకుండానే కలెక్టర్లు చేయించగలిగిన పనులున్నాయి. మండల కేంద్రాల బస్టాండ్లలో టాయిలెట్లకు తాళాలు పడకుండా, నీళ్లు ఆగకుండా చూడాలి. ఆస్పత్రి ఇచ్చిన కార్డు చూపిస్తే ప్రభుత్వ ఆఫీసుల్లో సిబ్బంది టాయిలెట్‌కు పోనివ్వాలి. పరీక్ష హాల్లోంచి బయటికెళ్లిన టైమును విద్యార్థికి కలిపివ్వాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లో ఈ రోగులకు వారం వారం ప్రత్యేక ఓపీ నడిపి, మెసలమైన్ ఎప్పుడూ దొరికేలా చూస్తే, మందుల కోసం చెన్నై రైలెక్కే బాధ కొందరికైనా తప్పుతుంది.