ఆఫీసు వేళలు పాటించని నది

నదులు ఏటా ఎంత మట్టి మోసుకుపోతాయో వేసే లెక్కలు తరచూ తప్పుతున్నాయని, ఆ లెక్కలు నమ్మి కట్టిన జలాశయాలు గడువుకు ముందే పూడిపోతున్నాయని లెక్కలు కట్టేవాళ్ల మీద ఓ నింద ఉంది. ఇది అన్యాయం. నేను వాళ్ల తరఫున మాట్లాడుతున్నాను. తప్పు వాళ్లది కాదు, ముమ్మాటికీ నదిది.

మొదటి ఆరోపణ హాజరు గురించి. కొలిచే మనిషి వారానికో, పక్షానికో ఒకసారి, పగటిపూట, వాన లేకుండా చూసుకుని, వంతెన మీదికొచ్చి సీసా దించుతాడు. బుద్ధి ఉన్న నది ఏదైనా ఆ టైముకి మట్టి తెచ్చి చూపించాలి. ఇది మాత్రం అప్పుడు తేటగా, ఏమీ ఎరగనట్టు పారుతుంది. ఏడాది మొత్తం మీద మోసే మట్టిలో సింహభాగాన్ని మాత్రం నాలుగైదు వరద రోజుల్లో, కుదిరితే అర్ధరాత్రి పూట, దాటించేస్తుంది. చిన్న ఏరయితే ఆ నాలుగు రోజులు కూడా తీసుకోదు, కొన్ని గంటల్లో పని ముగించుకుంటుంది. మర్నాడు మనిషి వచ్చేసరికి నీటిమట్టం దిగిపోయి, ఒడ్డున కొమ్మలకు వేలాడే చెత్త తప్ప సాక్ష్యం మిగలదు. రిజిస్టరులో ఆ తేదీ గడిలో ‘వరద ఉధృతి వల్ల నమూనా తీయలేదు’ అని రాస్తాడు. ఆ రిజిస్టరు మొత్తంలో వంక పెట్టలేని వాక్యం అదొక్కటే.

రెండో ఆరోపణకి సీసాని కాస్త దగ్గరగా చూడాలి. చేప ఆకారంలో ఒక బరువైన లోహపు తొడుగు, దాని కడుపులో గాజు సీసా, ముందు చిటికెనవేలు కూడా దూరని ముక్కు. దాన్ని ఒకే వేగంతో అడుగుదాకా దించి, ఆగకుండా పైకి లాగాలి. మెడ దాకా నిండిపోతే ఆ నీళ్లు పారబోసి మళ్లీ దించాలి. మరీ కొంచెమే వచ్చినా అంతే. ఆ తర్వాత వడగట్టి, వడపోత కాగితాన్ని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మిల్లీగ్రాముతో సహా తూస్తారు. ఇంత నిష్ఠగా చేస్తే ఏమవుతుంది? ముక్కు పరికరం మధ్యలో ఉంటుంది. పరికరం అడుగున ఆనినా, కింది మూడు నాలుగు అంగుళాల నీళ్లు దాని నోట్లోకి రావు. ఈ రహస్యం నదికి ఎవరు చేరవేశారో గానీ, ముతక ఇసుకనీ గులకరాళ్లనీ సరిగ్గా ఆ నాలుగు అంగుళాల్లోంచే దొర్లిస్తుంది.

ఇలా అడుగున దొర్లేదాన్ని పట్టుకోవాలని మహామహులు ప్రయత్నించారు. 1937లో ఒక ఇంజనీరు ఇది సంభావ్యతతో తేల్చాల్సిన సమస్య అన్నాడు. రేణువు కాసేపు గెంతుతుంది, కాసేపు కూర్చుంటుంది, ఎప్పుడు లేస్తుందో లెక్కకట్టాలి తప్ప ఖాయంగా చెప్పలేం. ఆయన పేరు హన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. అవును, ఆ ఐన్‌స్టీన్ కొడుకే. దేవుడు పాచికలాడడని తండ్రి పట్టుబట్టాడు, ఇసుక ఆడుతుందని కొడుకు సూత్రం రాశాడు. ఆయనవీ, ఇతరులవీ కలిపి ఇప్పుడు ఈ సూత్రాలు బోలెడు. ఒకే నదికి, ఒకే రోజున వాడి చూస్తే ఒకదాని జవాబుకి ఇంకోదాని జవాబు పదింతలు కూడా ఉండొచ్చు. అందుకే చాలా నివేదికల్లో ఈ తగువంతా ఎందుకని, తేలుతూ పోయే మట్టిలో 10 శాతాన్ని అడుగున దొర్లేదాని లెక్క కింద కలిపేస్తారు. కొండల్లో దూకే ఏటికీ, మైదానంలో బద్ధకంగా సాగే నదికీ ఆ వాటా ఒకటి కాదని వాళ్లకి తెలుసు. అయినా పదే ఎందుకంటే, మనిషికి పది వేళ్లున్నాయి గనక అయ్యుంటుంది.

ఇక సీసా దించని రోజుల సంగతి. ఏడాదిలో అలాంటివే ఎక్కువ. దీనికి రేటింగ్ కర్వ్ అనే గొప్ప ఉపాయం ఉంది. ప్రవాహం ఒకవైపు, మట్టి ఒకవైపు వేసి, చుక్కలు పెట్టి, మధ్యలోంచి గీత లాగుతారు. మామూలు గ్రాఫ్ మీద ఆ చుక్కలు చూస్తే గుండె జారిపోతుంది, పిచికల గుంపు మీద రాయి విసిరినట్టు ఉంటాయి. అదే 1, 10, 100 అంటూ పదింతల మెట్లతో సాగే లాగ్ గ్రాఫ్ కాగితం మీద వేస్తే చక్కగా బారులు తీరి కనిపిస్తాయి. లోకంలో ఇంత క్షమాగుణం ఉన్న కాగితం ఇంకోటి లేదు. నీళ్లు రెట్టింపైతే మట్టి నాలుగింతలు, ఒక్కో నదిలో ఎనిమిదింతలు అవుతుందని గీత చెబుతుంది. చుక్కలు లేని వరద దగ్గరికి మాత్రం స్కేలు పెట్టి గీతని పొడిగిస్తారు. ఏడాది మట్టిలో ముప్పాతిక వంతు ఆ పొడిగించిన ముక్క మీదే ఆధారపడి ఉండొచ్చు.

లాగ్ కాగితం చేసే ఇంకో ఉపకారం ఉంది. ఒకసారి సీసాలో 1 గ్రాము, ఇంకోసారి 100 గ్రాములు వచ్చాయనుకోండి. సగటు యాభైన్నర. లాగ్‌లలో సగటు తీసి వెనక్కి తిప్పితే వచ్చేది 10. మిగతా నలభైన్నర ఏమైందని అడక్కూడదు. రేటింగ్ కర్వులు ఇలా నది మోసేదాన్ని సగం దాకా తక్కువ చేసి చూపించగలవని, దిద్దుకునే పద్ధతి ఇదీ అని 1986లో ఫెర్గూసన్ అనే ఆయన రాశాడు. దిద్దుబాటు ఒక గుణకారం, అంతే. కాకపోతే దిద్దితే టన్నులు పెరుగుతాయి, జలాశయం ఆయుష్షు తగ్గుతుంది. అంత కఠినంగా ఎవరు ఉండగలరు?

మూడో ఆరోపణ, మాట నిలకడ లేకపోవడం. వరద పొంగేటప్పుడు ఎర్రగా బురదగా ఉన్న నీళ్లు, తగ్గేటప్పుడు అదే మట్టం దగ్గర అంత బురదగా ఉండవు. వదులు మట్టినంతా ముందే ఊడ్చుకుపోయింది కదా. ఒకే ప్రవాహానికి పొద్దున ఒక జవాబు, సాయంత్రం ఒక జవాబు. పోనీ నీళ్లలో బురద ఎంతో చూపే టర్బిడిటీ మీటరు పెడదామంటే, నాచు పట్టి అది తేటనీళ్లకే బురద అంటుంది, అసలు బురద వచ్చినప్పుడు అంకె గరిష్ఠానికి తగిలి అక్కడే నిలబడిపోతుంది.

నదితో ఇలా విసిగిపోయినవాళ్లు నేల మీదికి వచ్చారు. నీళ్లలో ఎందుకు, పరీవాహక ప్రాంతంలో ఎంత మట్టి కోసుకుపోతోందో అక్కడే లెక్క కడదాం అన్నారు. విష్‌మయర్, స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు 1965లో అచ్చువేసిన సమీకరణం దీనికి బాగా అక్కరకొచ్చింది. వాన, నేల, వాలు, పంట, కట్టలు, అన్నీ గుణిస్తే చాలు. ఆ గుణకాలకు కొలమానం 72.6 అడుగుల పొడవు, 9 శాతం వాలు ఉన్న ఒక చిన్న మడి. ఆ వింత పొడవు ఎందుకంటే, 6 అడుగుల వెడల్పుతో కలిపితే సరిగ్గా ఎకరంలో నూరో వంతు అవుతుంది. ఎకరంలో నూరో వంతు మీద తేలినదాన్ని కొండలు, లోయలు, అడవులు ఉన్న వేల చదరపు కిలోమీటర్ల మీద పరిచేశారు. చివరికి 1976లో విష్‌మయర్ గారే ఈ సమీకరణాన్ని ఎలా వాడకూడదో చెబుతూ ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది. కన్నతండ్రే పిల్లాడి మీద ఫిర్యాదు చేసినట్టు.

ఆ ఫిర్యాదు వల్ల లెక్క ఏమీ ఆగలేదు. పైన చేలల్లో కోసుకుపోయిన మట్టి లక్ష టన్నులని తేలుతుంది, కింద నదిలో కనిపించేది పదివేలే. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఈ తేడాని పూడ్చే అంకెని సెడిమెంట్ డెలివరీ రేషియో అంటారు. ఇక్కడ 0.1. అది ఎలా వచ్చిందంటే కింది అంకెని పై అంకెతో భాగిస్తే వచ్చింది. ఆ అంకెతో పై అంకెని గుణిస్తే కింది అంకె అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ‘మోడల్ విజయవంతంగా సరిచూడబడినది’ అని రాసుకోవచ్చు.

మాయమైన తొంభైవేలు గట్ల కింద, వరద మైదానాల్లో, వాగు మలుపుల్లో కూర్చుని ఉంటాయి. అమెరికాలో విస్కాన్సిన్‌లోని కూన్ క్రీక్ అనే చిన్న ఏటిని స్టాన్లీ ట్రింబుల్ దశాబ్దాల పాటు వెంబడించాడు. చేలల్లో మట్టి కోసుకుపోవడాన్ని బాగా తగ్గించినా ఏటి చివర బయటికి పోయే మట్టి దాదాపు అంతే ఉందని ఆయన లెక్కలో తేలింది. మట్టి లోయలోనే కాపురం పెట్టడం, ఖాళీ చేయడం, అంతా తన తీరికని బట్టి చేసుకుంటోంది. పథకం రాసినవాళ్ల సంతకాలకి విలువే లేదు.

నది మీద అసలు చార్జిషీటు తయారవ్వాల్సింది మాత్రం చైనాలోని పసుపు నది విషయంలో. అప్పట్లో ఏటా సుమారు 160 కోట్ల టన్నులు మోసే ఘనత దానిది. దాని మీద సాన్‌మెన్‌షియా ఆనకట్ట తలపెట్టినప్పుడు, ఎగువన మొక్కలు నాటి, గట్లు కట్టి మట్టిని ఆపేస్తాం గనక పూడిక భయం లేదని పథకంలో ఉంది. 1957లో హువాంగ్ వాన్‌లీ అనే ఆచార్యుడు ఒప్పుకోలేదు. కనీసం ఆనకట్ట అడుగున ఉన్న రంధ్రాలనైనా మూయకండి, మట్టి పోవడానికి దారి ఉంటుంది అన్నాడు. ఆయనకి రైటిస్టు, అంటే పార్టీకి వ్యతిరేకి, అని ముద్ర పడింది. రంధ్రాలకి కాంక్రీటు పడింది. 1960 సెప్టెంబరులో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఏడాదిన్నరలో 150 కోట్ల టన్నులు పైగా జలాశయంలో దిగబడింది, పూడిక ఎగువ ఉపనది వెయ్‌లోకీ పాకింది. ఆ కాంక్రీటు రంధ్రాలనే 1970 నుంచి ఒక్కొక్కటిగా మళ్లీ తొలిచి తెరుచుకుంటూ వచ్చారు.

నది ఇంతవరకు సంజాయిషీ ఇవ్వలేదు.