చంటి తాతయ్య అసలు పేరేమిటి?

తెలుగునాట బిడ్డకు పేరు పెట్టడం మహా పకడ్బందీ వ్యవహారం. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, వెరసి 108 అక్షరాల్లోంచి ఒకటి తేలాలి. అశ్విని మొదటి పాదమైతే ‘చూ’తో మొదలుపెట్టమంటారు పంతులుగారు. ఆ అక్షరంతో దేవుడెవరైనా దొరుకుతాడా అని ఇంటిల్లిపాదీ వెతుకుతారు. ఇలవేల్పు, పోయిన తాత, మొక్కుకున్న బాబా, సంఖ్యాశాస్త్రం ఆయన ఇరికించిన అదనపు అక్షరం, అన్నీ కలిసి ఐదారు మాటల పేరు తయారవుతుంది. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాసి, చెవిలో మూడుసార్లు చెబుతారు. ఆ పేరు ఆ చెవిన పడటం దాదాపు అదే ఆఖరు. విస్తళ్లు ఎత్తేలోపే వాడు బుజ్జి.

కాబట్టి సర్టిఫికెట్‌లో ఉన్నదే మారుపేరు అన్నది మా నిశ్చితాభిప్రాయం.

ఊరు పెట్టే పేర్లకు ఏ బళ్లోనూ చెప్పని వ్యాకరణం ఒకటుంది. మొదటి రెండక్షరాలు కోసుకోవాలి. సంయుక్తాక్షరం అడ్డొస్తే ద్విత్వంగా నలగ్గొట్టాలి. చివర ఇకారం. సత్యనారాయణ సత్తి, సుబ్బారావు సుబ్బి, వెంకటేశ్వర్లు వెంకి. ఆపైన ‘గాడు’ తగిలించాలా ‘బాబు’ తగిలించాలా అన్నది వ్యాకరణం కాదు, రెవెన్యూ శాఖ చూసుకుంటుంది. సత్తిగాడికీ సత్తిబాబుకీ మధ్య దూరం సుమారు ఐదెకరాలు. ఆడవాళ్ల విషయంలో సున్నా చుట్టి సరిపెడతారు: రాజ్యలక్ష్మి రాజ్యం, భాగ్యలక్ష్మి భాగ్యం. ఆ ఇద్దరి పేరునా సెంటు భూమి ఉండదు.

చిక్కంతా గడువుతోనే. పాల ప్యాకెట్‌కు తేదీ వేస్తారు, ముద్దుపేరుకు వేయరు. చంటి అంటే పాలు తాగే పసిబిడ్డ. ‘చంటి తాతయ్య’ అనడానికి ఈనాడు మిగిలిన ఏకైక సమర్థన, ఆయనకూ పళ్లు లేకపోవడం. మీసం మొలిచిన రోజున బన్నీ, పండు, చిట్టి తమంతట తామే రద్దయ్యేలా చట్టం తేవాలి. ఆరు నెలలు వెసులుబాటు ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు. మేనత్తలు ఒప్పుకోరన్నది వేరే సంగతి.

ఒకే ఇంట్లో ముగ్గురు బుజ్జిలు తేలితే పెద్ద బుజ్జి, చిన్న బుజ్జి, ఏలూరు బుజ్జి అని సర్దుతారు. పెద్ద బుజ్జి కంటే చిన్న బుజ్జికి ముందు పెళ్లయితే ఈ ఏర్పాటు కూలిపోతుంది. శుభలేఖలో వరుడి పేరు పక్కన బ్రాకెట్‌లో (బుజ్జి) అని వేసేది అలంకారానికి కాదు. అది లేకపోతే పెళ్లెవరిదో తెలియక సగం ఊరు రాదు.

రాజ్యం కూడా ఈ సత్యాన్ని ఎప్పుడో ఒప్పుకుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం, జనం ఎరిగిన పేరు వేరే ఉంటే అభ్యర్థి ఆ మాట రిటర్నింగ్ అధికారికి రాసివ్వవచ్చు. 2019లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో ఏకంగా ముగ్గురు నానిలు: ఆళ్ల నాని, కొడాలి నాని, పేర్ని నాని. అసలు పేర్లు కాళీకృష్ణ శ్రీనివాస్, వెంకటేశ్వరరావు, వెంకట్రామయ్య. ఆరోగ్యం, పౌర సరఫరాలు, రవాణా... అంటే మందు, బియ్యం, బస్సు మూడూ నానిల చేతిలోనే. ఉర్దూలో నాని అంటే అమ్మమ్మ. పాతబస్తీలో ఆ జాబితా చదివినవారు ఆంధ్రాలో పెద్దవాళ్లకు ఎంత గౌరవమో అనుకొని ఉంటారు.

ఇన్నాళ్లూ గుట్టుగా సాగిన ఈ వ్యవస్థను ఫోన్ చెల్లింపులు బజారున పడేశాయి. చిట్టిబాబు కొట్టులో 40 రూపాయలకు స్కాన్ చేస్తే తెర మీద ‘నాగ వీర వెంకట సత్య వరప్రసాద్’ అని వస్తుంది. ఇరవయ్యేళ్ల ఖాతాదారు వేలు ఆగిపోతుంది. “ఇదెవరండీ?” “నేనేనండీ, కొట్టండి.” డబ్బు వెళ్తుంది గానీ అనుమానం పోదు.

ఇక ఆఖరి ఇబ్బంది ఫ్లెక్సీ షాపులో. మనవళ్లు ఫొటో ఇస్తారు, పెద్దకర్మ తేదీ చెబుతారు, సైజు ఆరు బై నాలుగంటారు. కంప్యూటర్ ముందు కుర్రాడు ‘కీ.శే.’ అని కొట్టి, “పేరు చెప్పన్నా” అంటాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకడు బయటికెళ్లి, ఇంటికి ఫోన్ చేసి, తాతయ్య రేషన్ కార్డు ఫొటో తీసి పంపమంటాడు.